శక్తిని నిల్వచేసే కార్బన్ నార మిశ్రమ పదార్థాల యాంత్రిక ప్రవర్తన

పిచికారీ డ్రోన్ ఎగిరే వ్యవధిని బ్యాటరీ బరువే పరిమితం చేస్తుంది. చట్రమే బ్యాటరీగా పనిచేస్తే ఆ భారం తగ్గుతుంది. స్వీడన్‌లోని చాల్మర్స్ సాంకేతిక విశ్వవిద్యాలయం 2021లో రూపొందించిన ఇటువంటి పదార్థం కిలోకు 24 వాట్-గంటల శక్తిని నిల్వచేసింది. స్థితిస్థాపక గుణకం 25 గిగాపాస్కల్‌లు. 2024లో నిల్వ 30కి, నారల దిశలో గుణకం 70కి పైగా పెరిగాయి. దృఢత్వంలో ఇది అల్యూమినియంకు దీటే. నిల్వలో మాత్రం సాధారణ లిథియం బ్యాటరీకి చాలా వెనుక.

అసలు చిక్కు నారలను బంధించే మాధ్యమంలో ఉంది. గట్టి రెసిన్ భారాన్ని నారల మధ్య పంచుతుంది కాని అయాన్లను కదలనివ్వదు. ద్రవం అయాన్లకు దారి ఇస్తుంది కాని భారం మోయదు. అందుకే సూక్ష్మరంధ్రాల పాలిమర్‌లో ద్రవ విద్యుద్విశ్లేష్యాన్ని నింపుతారు. పైగా లిథియం చేరినప్పుడు నార పొడవున దాదాపు 1 శాతం వ్యాకోచించి, విడిచినప్పుడు సంకోచిస్తుంది. ఈ కదలిక నారకు, మాధ్యమానికి మధ్య బంధాన్ని సడలించగలదు. కనుక డ్రోన్ చట్రానికి కొత్త నమూనా గుణకం ఒక్కటే ప్రమాణం కాదు; పలుమార్లు ఛార్జి చేసిన తరువాత కొలిచిన తన్యతా బలం కావాలి.