ఎజైల్ బృందానికి ఒక పని బోర్డు

సాఫ్ట్‌వేర్ అంటే కోడ్ రాయడమే అని చాలామంది అనుకుంటారు. నలుగురు కలిసి రాసేటప్పుడు ఎవరు ఏ పనిలో ఉన్నారు, ఏ పని ఎక్కడ ఆగింది అన్నది తెలియడం కూడా అంతే ముఖ్యం. ఆ అవసరం తీర్చేదే ప్రాజెక్ట్ మేనేజ్‌మెంట్ సాఫ్ట్‌వేర్. పీజీ చివరి సెమిస్టర్‌లో మేం నలుగురం కలిసి అలాంటిది చిన్నది ఒకటి తయారుచేశాం. అందులో నేర్చుకున్న విషయాలను హాస్టల్ తమ్ముళ్లకు, చెల్లెళ్లకు చెప్పడమే ఈ వ్యాసం ఉద్దేశం.

ఎజైల్ అంటే ఏమిటి?

ప్లాన్ మొత్తం ముందే రాసుకుని, చివర్లో ఒకేసారి అప్పగించే పద్ధతిలో మధ్యలో అవసరం మారితే శ్రమ వృథా అవుతుంది. 2001 ఫిబ్రవరిలో అమెరికాలోని యూటా రాష్ట్రం, స్నోబర్డ్‌లో 17 మంది నిపుణులు సమావేశమై ఎజైల్ మేనిఫెస్టోను రూపొందించారు. పనిని చిన్న భాగాలుగా చేసి, వాడేవారికి తరచుగా చూపించి, సరిదిద్దుకుంటూ పోవడం దాని సారాంశం. ఎజైల్‌లో బాగా వాడుకలో ఉన్న స్క్రమ్ పద్ధతిలో ఒక్కో విడతను స్ప్రింట్ అంటారు. అది నెలకు మించదు. బృందం రోజూ 15 నిమిషాలు కలుసుకుంటుంది.

బోర్డు ఎలా పనిచేస్తుంది?

మన వార్షికోత్సవాన్నే తీసుకుందాం. షామియానా, ఆహ్వాన పత్రికలు, భోజనాలు – ఒక్కో పనికి ఒక్కో కార్డు. 'చేయాల్సినవి', 'జరుగుతున్నవి', 'పూర్తయినవి' అని మూడు వరుసలు. పని సాగేకొద్దీ కార్డు జరుగుతుంది. కార్డులతో పని నడిపే కాన్‌బాన్ పద్ధతి జపాన్‌లోని టయోటా కార్ల ఫ్యాక్టరీలో మొదలైంది.

మేం పాటించిన మూడు సూత్రాలు:

1. చరిత్ర చెరపకూడదు. కార్డు జరిగిన ప్రతిసారీ ఆ సమయాన్ని డేటాబేస్‌లో వేరే టేబుల్‌లో రాశాం. దానివల్ల ఏ పని ఎన్ని రోజులు ఆగిందో తెలుస్తుంది.

2. చేతిలో పనులకు పరిమితి ఉండాలి. 1961లో జాన్ లిటిల్ నిరూపించిన సూత్రం ఇక్కడ ఉపయోగపడింది. చేతిలో 12 పనులుండి రోజుకు 3 పూర్తయితే, ఒక్కో పనికి సగటున 4 రోజులు పడుతుంది. అదే వేగంతో చేతిలో 6 పనులే ఉంచుకుంటే 2 రోజులు చాలు. అందుకే 'జరుగుతున్నవి' వరుస నిండితే మా బోర్డు కొత్త కార్డును తీసుకోదు.

3. 'ఆగింది' అని చెప్పడం సులభంగా ఉండాలి. ప్రతి కార్డుపై 'సాయం కావాలి' అనే బటన్ పెట్టాం. ఎవరు ఎన్ని పనులు చేశారనే ర్యాంకుల పట్టిక మాత్రం పెట్టలేదు. పట్టిక ఉంటే వెనకబడినవారు బటన్ నొక్కడానికి జంకుతారు.

ఈ మూడో సూత్రం మనకు మరీ ముఖ్యం. ఆఫీసులో ఎలా మెలగాలో చెప్పేవారు మనలో చాలామంది ఇళ్లలో లేరు. అడిగితే చులకన అవుతామని మౌనంగా ఉండిపోతాం. ఎజైల్ బృందంలో మాత్రం అడ్డంకిని మొదటి రోజే చెప్పడం బాధ్యత. దాచిన అడ్డంకి బృందం మొత్తాన్ని ఆపుతుంది.

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ! ఈ బోర్డుకు కంప్యూటర్ కూడా అక్కర్లేదు. స్టడీ అవర్ గదిలో ఒక చార్టు, కొన్ని చీటీలు చాలు. పరీక్షల సిలబస్‌తో ఈరోజే మొదలుపెట్టండి. అర్థంకాని పాఠం చీటీపై 'సాయం కావాలి' అని ధైర్యంగా రాయండి. పక్క మంచం మిత్రుడికి ఆ పాఠం వచ్చే ఉండవచ్చు.