కంటికి వెలుగుతో వైద్యం

అట్టపెట్టె ఒకటి తీసుకోండి. చెప్పులు కొన్నప్పుడు ఇచ్చే పెట్టె అయినా సరే. లోపల అన్ని వైపులా తెల్లకాగితం అంటించి మూత పెట్టండి. ఒక పక్కన పెన్సిలు దూరేంత రంధ్రం చేసి, కొంచెం దూరం నుంచి చూడండి. లోపలంతా తెలుపే. అయినా రంధ్రం మాత్రం నల్లగా కనిపిస్తుంది!

మన కంటి నడుమ ఉండే కనుపాప కూడా ఇటువంటి రంధ్రమే. అది నల్లని వస్తువు కాదు. వెలుగు లోపలికి పోయే కిటికీ. దానికి ముందు గడియారం అద్దంలాగా కార్నియా ఉంటుంది. వెనుక కటకం, దాని వెనుక తేటగా ఉండే జిగురు పదార్థం, అన్నిటికన్నా వెనుక లోపలి గోడను అంటుకొని రెటీనా అనే పలుచని పొర ఉంటాయి. మీరు ఈ అక్షరాలు చదువుతున్నారంటే, వాటి బొమ్మ ఈ క్షణాన మీ రెటీనా మీద తలకిందులుగా పడుతున్నదన్నమాట.

మరి డాక్టరు ఆ రెటీనాను చూడాలంటే ఎలా? కన్ను కోసి చూడలేడు గదా!

హెల్మ్‌హోల్ట్జ్ గాజుపలక

పెట్టెకు లేని చిక్కు కంటికి మరొకటి ఉన్నది. కంటిలోకి పోయిన వెలుగులో కొంత తిరిగి బయటకు వస్తుంది. కాని అది వచ్చిన దారినే, దీపం వైపుకే పోతుంది. దాన్ని చూడాలంటే మన కన్ను దీపం ఉన్నచోటనే ఉండాలి. అక్కడ తల పెడితే దీపానికే అడ్డం!

1850లో జర్మన్ శాస్త్రజ్ఞుడు హెర్మన్ హెల్మ్‌హోల్ట్జ్ ఈ చిక్కును ఒక గాజుపలకతో విడదీశాడు. గాజును ఏటవాలుగా పట్టి, పక్కన దీపం పెట్టాడు. దీపపు వెలుగు గాజు మీద పరావర్తనం చెంది రోగి కంటిలోకి పోయింది. తిరిగి వచ్చిన వెలుగులో కొంత గాజుగుండా దూరి ఆయన కంటికి చేరింది. ఈ విధంగా బతికున్న మనిషి రెటీనానూ, దాని మీది రక్తనాళాలనూ చూడటం సాధ్యమైంది. ఈ పరికరమే ఆఫ్తాల్మోస్కోపు. శరీరాన్ని కోయకుండా రక్తనాళాలను ఇంత స్పష్టంగా చూడగలిగిన చోటు కన్ను తప్ప మరొకటి లేదు. అందుకే మధుమేహం, రక్తపోటు ఉన్నవారిని కూడా కంటి డాక్టరు దగ్గరకు పంపుతారు.

గాలి తాకిడి, వెలుగు ప్రతిధ్వని

ఈనాడు మీరు కంటి ఆసుపత్రికి వెళితే, అక్షరాల పట్టిక చదవకముందే ఒక యంత్రం ముందు గడ్డం ఆనించమంటారు. లోపల చిన్న బొమ్మ కనిపిస్తుంది. మీరు బొమ్మను చూస్తూండగా యంత్రం మీకు కనిపించని పరారుణ కిరణాలను రెటీనా మీదికి పంపి, తిరిగి వచ్చిన కిరణాలు ఎంత చెదిరాయో కొలుస్తుంది. కొన్ని క్షణాలలో మీకు సుమారుగా ఎన్ని డయాప్టర్ల అద్దం కావాలో చెబుతుంది. అది అంచనా మాత్రమే. చివరి మాట మీదే. డాక్టరు అద్దాలు మారుస్తూ, "ఇది బాగుందా, అది బాగుందా?" అని అడిగేది అందుకే.

మరో యంత్రం కంటి మీదికి గాలిని పుఫ్ఫున ఊదుతుంది. ఉలిక్కిపడతారు గాని నొప్పి ఉండదు. గాలి తాకిడికి కార్నియా క్షణకాలం చదునవుతుంది. ఎంత గాలికి చదునయిందో చూసి కంటిలోని ఒత్తిడిని లెక్కగడతారు. సైకిలు ట్యూబును వేలితో నొక్కి గాలి ఎంతుందో చూడటం లాంటిదే ఇది. మామూలుగా ఆ ఒత్తిడి 10 నుంచి 21 మిల్లీమీటర్ల పాదరసం వరకు ఉంటుంది. ఎక్కువగా ఉంటే నీటికాసుల వ్యాధి ఉన్నదేమోనని పరీక్షిస్తారు. ఆ వ్యాధిలో చాలామందికి నొప్పి తెలియదు. చూపు అంచుల నుంచి నెమ్మదిగా పోతుంది. పోయిన చూపు తిరిగి రాదు. మనిషికి తెలియని సంగతిని యంత్రం ముందుగా పట్టుకోవడంలోని విలువ ఇక్కడే ఉన్నది.

ఇక రెటీనా పొరల మందాన్ని కొలవడం ఎలా? కొండ ఎదుట నిలబడి కేక వేస్తే ప్రతిధ్వని ఎంతసేపటికి వచ్చిందో చూసి దూరం చెప్పవచ్చు. అదే పని వెలుగుతో చేయవచ్చు గదా అనిపిస్తుంది. కాని వెలుగు సెకనుకు 3 లక్షల కిలోమీటర్లు పోతుంది. మిల్లీమీటరులో నూరో వంతు దాటడానికి సెకనును 30 లక్షల కోట్ల భాగాలు చేస్తే అందులో ఒక భాగం చాలు! ఇంత స్వల్పకాలాన్ని గడియారంతో కొలవలేం.

1991లో అమెరికాలో డేవిడ్ హువాంగ్, జేమ్స్ ఫుజిమోటో, ఎరిక్ స్వాన్సన్, వారి సహచరులు కాలాన్ని కొలవకుండానే ఈ పని చేసే పద్ధతిని ప్రకటించారు. ఒక కాంతిపుంజాన్ని రెండుగా చీలుస్తారు. ఒకటి కంటిలోకి, మరొకటి అద్దం మీదికి పోతుంది. తిరిగి వచ్చిన రెండింటినీ కలుపుతారు. రెండూ నడిచిన దూరం దాదాపు సమానమైతేనే వాటి మధ్య వ్యతికరణం జరుగుతుంది. అద్దం దూరం మనకు తెలుసు. కనుక కంటిలోని పొర దూరం కూడా తెలిసిపోతుంది. ఇప్పటి యంత్రాలు సెకనుకు పదుల వేల గీతల చొప్పున కొలిచి, ఉల్లిపాయను నిలువునా కోస్తే కనిపించే పొరలవలె రెటీనా పొరలను తెర మీద చూపిస్తాయి. దీనినే ఓ.సి.టి. పరీక్ష అంటారు.

గ్రహణం నేర్పిన పాఠం

చూసే వెలుగు చికిత్స కూడా చేయగలదని తెలిసింది ఒక కీడు నుంచి. 1945లో జర్మనీలో సూర్యగ్రహణాన్ని నేరుగా చూసి రెటీనా కాలిన విద్యార్థి ఒకడు గెర్డ్ మేయర్-ష్వికెరాట్ అనే డాక్టరు దగ్గరకు వచ్చాడు. కాలిన చోట మచ్చ గట్టిపడటం డాక్టరు గమనించాడు. చిరిగిన రెటీనా అంచులను ఇదేవిధంగా అతికించవచ్చు గదా అని ఆయనకు తోచింది. 1949లో అద్దాలతో సూర్యకాంతిని తెచ్చి ఆ పని చేసి చూపించాడు. మబ్బు పట్టిన రోజున చికిత్స లేదు! అందుకని తరువాత జెనాన్ దీపం వాడారు. 1960లో థియొడోర్ మైమన్ కెంపు రాయితో మొదటి లేజరును వెలిగించాడు. త్వరలోనే అది కంటి డాక్టర్ల చేతికి వచ్చింది.

లేజరు గొప్పతనం దాని బలంలోనే లేదు. దాని వెలుగు ఒకే తరంగదైర్ఘ్యంతో, చెదరని సన్నని పుంజంగా ఉంటుంది. ఏ తరంగదైర్ఘ్యాన్ని ఎన్నుకుంటామో దాన్నిబట్టి అది కంటిలో ఎక్కడ ఆగుతుందో నిర్ణయమవుతుంది. మూడు ఉదాహరణలు చూడండి.

ఆకుపచ్చ లేజరు: కార్నియా, కటకం తేటగా ఉంటాయి. కనుక ఆకుపచ్చ వెలుగు వాటిని వేడెక్కించకుండా దాటిపోతుంది. రెటీనా అడుగున ఉండే నల్లని రంగు పదార్థం దాన్ని పీల్చుకొని వేడెక్కుతుంది. మధుమేహం వల్ల రెటీనా మీద చెడు రక్తనాళాలు మొలిచినప్పుడు ఈ వేడితోనే చికిత్స చేస్తారు. ఈ కాలంలో కంటిలోకి ఇచ్చే ఇంజెక్షన్లు కూడా ఇందుకు వాడుతున్నారు.

పరారుణ లేజరు: శుక్లం తీసి కృత్రిమ కటకం పెట్టిన కొన్ని నెలలకో, ఏళ్ళకో కొందరికి చూపు మళ్ళీ మసకబారుతుంది. "శుక్లం మళ్ళీ వచ్చింది" అంటారు పెద్దలు. నిజానికి మసకబారింది కటకం వెనుక మిగిలిన సంచి పొర. 1064 నానోమీటర్ల పరారుణ లేజరును సరిగ్గా ఆ పొర మీద కేంద్రీకరిస్తే అక్కడ సూదిమొనంత పేలుడు జరిగి పొరకు కిటికీ తెరుచుకుంటుంది. కోత లేదు, కుట్టు లేదు.

అతినీలలోహిత లేజరు: ఇది కార్నియా పైపొరలోనే ఆగిపోతుంది. దీని కథలో మద్రాసులో పుట్టిన శాస్త్రజ్ఞుడు రంగస్వామి శ్రీనివాసన్ ఉన్నారు. 1981 నవంబరులో, అమెరికాలో ఐ.బి.ఎం. ప్రయోగశాలలో, పండుగ విందులో మిగిలిన టర్కీ కోడి ముక్క మీద ఆయన 193 నానోమీటర్ల లేజరును ప్రయోగించారు. చుట్టుపక్కల మాడకుండా, గీసినట్లు గాడి పడింది! ఈ కిరణాలకు అణువులలోని బంధాలను తెంచే శక్తి ఉన్నది. తెగిన ముక్కలు ఎగిరిపోతూ వేడిని కూడా తమతో తీసుకుపోతాయి. శ్రీనివాసన్, ఆయన సహచరులు జేమ్స్ విన్, శామ్యూల్ బ్లమ్ చేసిన ఈ పని నుంచే కళ్ళజోడు అవసరాన్ని తగ్గించే లేజరు చికిత్స పుట్టింది.

ఒక చిన్న లెక్క

హ్రస్వదృష్టి ఉన్నవారికి కాంతి కిరణాలు రెటీనాకు ముందే కలుస్తాయని మీరు చదివారు. కార్నియా నడుమ భాగాన్ని కొంచెం చదును చేస్తే కిరణాలు సరిగ్గా రెటీనా మీద కలుస్తాయి. 6 మిల్లీమీటర్ల వెడల్పున చదును చేయాలంటే, ఒక్కో డయాప్టరుకు సుమారు 12 మైక్రాన్ల లోతు తీయాలి. మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు. 3 డయాప్టర్లకు 36 మైక్రాన్లు. అంటే మీ తలవెంట్రుక మందం కన్నా తక్కువే.

మరి 10 డయాప్టర్లయితే? 120 మైక్రాన్లు. లాసిక్ పద్ధతిలో ముందుగా సుమారు 100 మైక్రాన్ల పొరను మూతలా లేపుతారు. మొత్తం 220. కార్నియా మందం సుమారు 540 మైక్రాన్లు. అడుగున మిగిలేది 320. పుట్టుకతోనే కార్నియా పలుచగా, 450 మైక్రాన్లే ఉన్నవారికి మిగిలేది 230. అంత పలుచని కార్నియా లోపలి ఒత్తిడికి శంకువులాగా ఉబ్బిపోవచ్చు. అటువంటివారికి డాక్టరు ఈ చికిత్స వద్దంటాడు. ముందు కొలత, తరువాతే చికిత్స. కొలవకుండా చేసే లేజరు వైద్యం కాదు.

మీ వయసువారికి కూడా ఈ చికిత్స చేయరు. కంటిగుడ్డు ఇంకా పెరుగుతూ ఉంటుంది, అద్దం నంబరు మారుతూ ఉంటుంది. 18 ఏళ్ళు నిండి, నంబరు నిలకడగా ఉన్నప్పుడే ఆలోచిస్తారు. అంతవరకు కళ్ళజోడే మంచి స్నేహితుడు. పెట్టుకోవడానికి సిగ్గుపడనక్కరలేదు.

మీరు చేయగలిగినవి

సంతలో దొరికే ఆకుపచ్చ లేజరు టార్చీని ఎవరి కంటి మీదికీ, సరదాకైనా, వేయకండి. ఆ వెలుగు ఎక్కడ ఆగుతుందో మీకిప్పుడు తెలుసు. ఇంట్లో మధుమేహం ఉన్న తాతయ్యో, అమ్మమ్మో "నాకు బాగానే కనిపిస్తున్నది" అన్నా, ఏడాదికొకసారి రెటీనా పరీక్షకు తీసుకువెళ్ళమని చెప్పండి. చూపు తగ్గకముందే చేసే చికిత్స ఎక్కువ ఫలిస్తుంది.

మరొకటి, అన్నిటికన్నా ముఖ్యమైనది. నెలలు నిండకుండా పుట్టిన బిడ్డకు రెటీనా మీది రక్తనాళాలు పూర్తిగా పెరిగి ఉండవు. అవి బయట పెరిగేటప్పుడు దారి తప్పితే రెటీనాను లాగి ఊడదీస్తాయి. పైకి చూస్తే కన్ను చక్కగానే ఉంటుంది. బిడ్డకు చెప్పడానికి మాట రాదు. అందుకే 34 వారాల లోపు గాని, 2 కిలోల కన్నా తక్కువ బరువుతో గాని పుట్టిన బిడ్డకు 30 రోజులు నిండేలోగా రెటీనా పరీక్ష చేయించాలి. మరీ ముందుగా పుట్టిన బిడ్డకైతే 2, 3 వారాలకే చేయించాలి. సమయానికి కనుగొంటే లేజరుతోనో, ఇంజెక్షనుతోనో చూపును కాపాడే వీలుంటుంది. ఆలస్యమైతే ఆ బిడ్డకు జీవితమంతా చీకటే కావచ్చు. మీ ఇంట్లోగాని, పక్కింట్లోగాని అటువంటి పసికందు ఉంటే, ఈ ఒక్క సంగతి ఈ రోజే వారి చెవిన వేయండి.