ప్లే బటన్ నొక్కితే చదువు వచ్చేయదు

క్యాంపస్ ప్లేస్‌మెంట్లకు వచ్చే రెజ్యూమెల్లో ‘సర్టిఫికేషన్స్’ అన్న శీర్షిక ఇప్పుడు తప్పనిసరి అయిపోయింది. పైథాన్ ఒకటి, క్లౌడ్ ఒకటి, మెషిన్ లెర్నింగ్ ఒకటి, ఎందుకైనా మంచిదని డిజిటల్ మార్కెటింగ్ ఒకటి. ఇంటర్వ్యూ చేసేవారు వాటిలో ఒకదాని మీద పెన్ను ఆనించి, ‘ఇందులో ఏం చేశారు?’ అని అడుగుతారు. ‘వీడియోలు చూశాను సార్, చివర్లో క్విజ్ రాశాను’ అంటాడు అభ్యర్థి. ‘సరే, మీరు రాసిన ప్రోగ్రాం ఏదైనా ఒకటి చెప్పండి’ అనగానే గొంతు తడారిపోతుంది. కోర్సు నిజమే, సర్టిఫికెట్టూ నిజమే. ఒంటబట్టింది మాత్రం అంతంతే.

మారుమూల మండలంలోని డిగ్రీ కాలేజీ విద్యార్థి కూడా ఈరోజు ఐఐటీ ప్రొఫెసర్ పాఠాన్ని ఫోన్‌లో ఉచితంగా వినగలడు. సాధనాలకు లోటు లేదు, వాటిని వాడుకునే పద్ధతిలోనే ఉంది లోటంతా. అందుకే ఏ యాప్ ముందు కూర్చున్నా, ఏ కోర్సులో చేరినా ఒక్క సంగతి చూసుకోండి: అది మిమ్మల్ని తిరిగి ప్రశ్నిస్తోందా? మీ చేత పని చేయిస్తోందా? చేయిస్తుంటే దానికి సమయం ఇవ్వండి. వినిపించి వదిలేస్తుంటే మీ దగ్గర ఎంత సమయం మిగిలిందో చూసుకుని ఆలోచించండి.

తెర మీద పాఠం కొత్త సంగతేమీ కాదు. 1975 ఆగస్టు నుంచి 1976 జులై వరకు ఇస్రో, నాసా వారి ఏటీఎస్-6 ఉపగ్రహం సాయంతో ‘సైట్’ అనే ప్రయోగం చేసింది. ఆరు రాష్ట్రాల్లోని సుమారు 2,400 పల్లెలకు టీవీ పాఠాలు, వ్యవసాయ కార్యక్రమాలు చేరాయి. వాటిలో మన ఆంధ్రప్రదేశ్ పల్లెలూ ఉన్నాయి, తెలుగులోనూ కార్యక్రమాలు వచ్చాయి. కరోనా వేళ 2020 సెప్టెంబరు 1న తెలంగాణ ప్రభుత్వ బడుల పిల్లలకు డీడీ యాదగిరి, టీ-శాట్‌లలో పాఠాలు మొదలయ్యేసరికి ఆ పద్ధతికి నలభై అయిదేళ్లు నిండాయి. టీవీకి మొదటినుంచీ ఒకటే లోపం. అది చెబుతుంది, అడగదు. పిల్లవాడికి అర్థమైందో లేదో తెలుసుకునే దారి దానికి లేదు. ఆ దారి దొరకడమే ఇప్పటి సాధనాల్లో అసలైన కొత్తదనం. చాలామంది విద్యార్థులు మాత్రం కంప్యూటర్‌ను కూడా పాత టీవీలాగే చూస్తున్నారు.

స్విచ్ వేసేముందు రాసుకోండి

అమెరికాలోని కొలరాడో విశ్వవిద్యాలయంలో నోబెల్ గ్రహీత కార్ల్ వీమన్ 2002లో ‘ఫెట్’ సిమ్యులేషన్లకు శ్రీకారం చుట్టారు. భౌతికశాస్త్రం, రసాయనశాస్త్రం, గణితం, జీవశాస్త్రం అన్నీ ఉన్నాయి, పైసా కట్టనక్కర్లేదు, కొన్ని తెలుగులోకీ వచ్చాయి. అందులో విద్యుత్ వలయాల కిట్ తెరవండి. ఒక బ్యాటరీ, ఒక బల్బు, వైర్లు లాగి కలపండి. బల్బు వెలుగుతుంది. రెండో బల్బును శ్రేణిలో కలిపితే రెండూ మసకబారతాయి. అదే సమాంతరంగా కలిపితే రెండూ మొదటి బల్బంత కాంతితోనే వెలుగుతాయి. బల్బు తీసేసి వైరును నేరుగా బ్యాటరీ రెండు కొసలకూ కలిపారనుకోండి, తెర మీద బ్యాటరీ అంటుకుంటుంది! స్కూల్ ల్యాబులో ఈ చివరి ప్రయోగం ఎవరూ చేయనివ్వరు.

దీన్ని ఆటలా చూసి మూసేస్తే పది నిమిషాల కాలక్షేపం. అలా కాకుండా స్విచ్ వేయడానికి ముందే ‘ఇప్పుడు కాంతి తగ్గుతుందా, పెరుగుతుందా, ఎందుకు’ అని కాగితం మీద ఒక్క వాక్యం రాసుకుని, ఆ తర్వాత స్విచ్ వేసి చూడండి. మీ ఊహ తప్పిన చోటే మీకు తెలియని పాఠం ఉంది. డీఎస్సీకి తయారవుతున్నవాళ్లు, బీఈడీ చేస్తున్నవాళ్లు ఈ పద్ధతిని తరగతి గదిలోకి తీసుకెళ్లవచ్చు. ప్రైవేటు స్కూళ్లలో డెమో క్లాస్ అడిగినప్పుడు స్లైడ్లు చదివి వినిపించే అభ్యర్థికీ, పిల్లల చేత ముందు ఊహ చెప్పించి తర్వాత సిమ్యులేషన్ నడిపే అభ్యర్థికీ తేడా ప్రిన్సిపాల్‌కు మూడో నిమిషంలోనే తెలిసిపోతుంది.

ఇంజినీరింగ్, సైన్స్ డిగ్రీ విద్యార్థులకు ఇలాంటిదే కేంద్ర విద్యాశాఖ వర్చువల్ ల్యాబ్స్. ఐఐటీలతో పాటు హైదరాబాద్ ట్రిపుల్ ఐటీ కూడా ఇందులో భాగస్వామి. ప్రతి ప్రయోగానికీ లక్ష్యం, సిద్ధాంతం, ముందస్తు పరీక్ష, విధానం, సిమ్యులేషన్, చివరి పరీక్ష వరుసగా ఉంటాయి. నేరుగా సిమ్యులేషన్‌కు దూకేయడం మనవాళ్ల అలవాటు. ఆ ముందస్తు పరీక్ష దాటవేస్తే సగం లాభం పోయినట్టే. ఒక మాట ఒప్పుకోవాలి: వదులైన కనెక్షన్, సరిగ్గా కడగని పిపెట్, సున్నా దగ్గర నిలవని మీటరు, ఇవేవీ కంప్యూటర్ తెర మీద ఎదురుకావు. అసలు ల్యాబుకు వెళ్లే ముందు రోజు రాత్రి దీనిమీద ఒక అరగంట కూర్చోండి. అసలు ల్యాబు బదులుగా వాడితే చేతికి పని రాదు.

వెయ్యి రూపాయల పరీక్ష

సర్టిఫికెట్ల గుంపులో నేను కాస్త గౌరవం ఇచ్చేది ఎన్‌పీటెల్‌కు. ఏడు ఐఐటీలు, బెంగళూరు ఐఐఎస్‌సీ కలిసి 2003లో మొదలుపెట్టిన ప్రాజెక్టు ఇది. ఇప్పుడు ఈ కోర్సులు 2017 జులైలో ప్రారంభమైన స్వయం వేదిక మీద నడుస్తున్నాయి. నాలుగు, ఎనిమిది, పన్నెండు వారాల కోర్సులు ఉంటాయి. చేరడం, పాఠాలు వినడం, అసైన్‌మెంట్లు చేయడం అన్నీ ఉచితం. సర్టిఫికెట్ కావాలంటే వెయ్యి రూపాయలు కట్టి, పరీక్షా కేంద్రానికి స్వయంగా వెళ్లి రాయాలి. గౌరవం ఎందుకంటే అందుకే. ఇంట్లో మంచం మీద పడుకుని ఫార్వర్డ్ బటన్ నొక్కుతూ సంపాదించే కాగితానికీ, గుర్తింపు కార్డు చూపించి నిఘాలో కూర్చుని రాసిన పరీక్షకూ పోలిక లేదు.

మార్కుల లెక్క చూస్తే దీని ఉద్దేశం బోధపడుతుంది. వారం వారం ఇచ్చే అసైన్‌మెంట్లకు 25, చివరి పరీక్షకు 75. పన్నెండు వారాల కోర్సులో మీరు బాగా చేసిన ఎనిమిది అసైన్‌మెంట్లనే లెక్కలోకి తీసుకుంటారు. ఒక వారం జ్వరమొచ్చినా, మరో వారం మిడ్ పరీక్షలున్నా కంగారు పడనక్కర్లేదన్నమాట. అసైన్‌మెంట్లలో 25కు కనీసం 10, పరీక్షలో 75కు కనీసం 30 రావాలి. రెండిట్లో ఏది తగ్గినా సర్టిఫికెట్ రాదు. మొత్తం మీద 60 దాటితే ‘ఎలైట్’, 75 దాటితే దానికి వెండి, 90 దాటితే బంగారు గుర్తింపు జతచేస్తారు.

ఇక్కడే మన విద్యార్థులు చేస్తున్న ఒక పని గురించి చెప్పాలి. మూడో వారం అసైన్‌మెంట్ వచ్చిన సాయంత్రానికే జవాబులు యూట్యూబ్‌లో, టెలిగ్రామ్ గ్రూపుల్లో ప్రత్యక్షమవుతున్నాయి. ఒకటికి ‘బి’, రెండుకు ‘డి’ అని చూసి నొక్కేస్తే 25కు 24 వస్తుంది. మరుసటి వారం కూడా అంతే. పరీక్ష రోజు టెలిగ్రామ్ ఉండదు. అసైన్‌మెంట్లలో 24, పరీక్షలో 26 తెచ్చుకున్న విద్యార్థికి వెయ్యి రూపాయలూ పోతాయి, పన్నెండు వారాలూ పోతాయి. పరీక్ష ఎలాగోలా గట్టెక్కినా ఇంటర్వ్యూలో దొరికిపోతారు. అసైన్‌మెంట్ పెట్టింది మార్కుల కోసమని మీరు అనుకుంటున్నారు, మీకేం రాలేదో మీకే చూపించడానికని అది పెట్టినవారు అనుకుంటున్నారు.

మరి పాఠాలు ఎలా వినాలి? సెయింట్ లూయిస్‌లోని వాషింగ్టన్ విశ్వవిద్యాలయం పరిశోధకులు రోడిగర్, కార్పికీ 2006లో ఒక ప్రయోగం ప్రచురించారు. ఒకే పాఠాన్ని కొందరు మళ్లీ మళ్లీ చదివారు. మరికొందరు చదివి, పుస్తకం మూసి, గుర్తున్నది రాశారు. అయిదు నిమిషాల తర్వాత పరీక్ష పెడితే మళ్లీ చదివినవాళ్లదే పైచేయి. వారం తర్వాత పెడితే లెక్క తిరగబడింది, మూసి రాసినవాళ్లకే ఎక్కువ గుర్తుంది. వీడియోను రెండోసారి, మూడోసారి చూస్తున్నప్పుడు ‘అంతా వచ్చేసింది’ అనిపించడానికి కారణం ఇదే. ఆ అయిదు నిమిషాల భ్రమను నమ్మకండి. పది నిమిషాలు విని ఆపండి. తెర మూసి, ఖాళీ కాగితం మీద రాయండి. తెలుగులో రాసినా సరే. రాయలేకపోయిన భాగం దగ్గరికే తిరిగి వెళ్లండి. గంట పాఠానికి రెండు గంటలు పడుతుంది. పట్టనివ్వండి.

కోడింగ్ నేర్చుకునేవారికి ఇంకో చక్కటి సాధనం ఐఐటీ బాంబే తయారుచేసిన స్పోకెన్ ట్యుటోరియల్స్. పైథాన్, సీ, జావా, లినక్స్, లిబ్రేఆఫీస్ వంటి ఉచిత సాఫ్ట్‌వేర్లకు సుమారు పది నిమిషాల నిడివిలో పాఠాలుంటాయి. చాలావాటికి తెలుగు డబ్బింగ్ ఉంది. తెరను రెండుగా పంచి, సగంలో పాఠం, మిగతా సగంలో సాఫ్ట్‌వేర్ పెట్టుకుని, పాఠం చెప్పేవారు ఒక లైను చెప్పగానే మీరు ఒక లైను చేయాలన్నది ఆ పాఠాల పద్ధతి. ఇంగ్లిష్ మీడియం భయంతో వెనకడుగు వేసే బీఏ, బీకాం విద్యార్థులకు స్ప్రెడ్‌షీట్ నేర్చుకోవడానికి ఇంతకన్నా తేలిక దారి నాకు తెలియదు.

ఇక చాట్‌జీపీటీ లాంటి ఏఐ సాధనాలు. ప్రశ్న అడిగి జవాబు కాపీ చేసుకునే విద్యార్థికి అవి టెలిగ్రామ్ గ్రూపుకు తోబుట్టువులు. ‘నాకు జవాబు చెప్పొద్దు. థర్మోడైనమిక్స్ మొదటి నియమం మీద ఒక్కో ప్రశ్న అడుగు, నా జవాబులో తప్పుంటే ఎక్కడుందో సూచన మాత్రమే ఇవ్వు’ అని అడిగి చూడండి. ఇంటర్వ్యూకు ముందు మాక్ ప్రశ్నలు అడిగించుకోవడానికీ పనికొస్తుంది. అది ధీమాగా తప్పులు చెబుతుంది కూడా, కాబట్టి సూత్రాలు, అంకెలు, చట్టాల సెక్షన్లు పాఠ్యపుస్తకంతో సరిచూసుకోవాల్సిందే.

ఇదే రంగంలో కొలువులు

సాంకేతికతతో నేర్చుకోవడం ఒక ఎత్తయితే, నేర్పే సామగ్రి తయారుచేయడమే వృత్తిగా ఎంచుకోవడం మరో ఎత్తు. ఇన్‌స్ట్రక్షనల్ డిజైనర్, కంటెంట్ డెవలపర్, సబ్జెక్ట్ ఎక్స్‌పర్ట్, ఎల్‌ఎంఎస్ అడ్మినిస్ట్రేటర్ పేర్లతో ప్రకటనలు వస్తుంటాయి. ఎడ్‌టెక్ కంపెనీల్లోనే అనుకోకండి. ఫార్మా కంపెనీలు, బ్యాంకులు, ఐటీ సంస్థలు తమ ఉద్యోగుల శిక్షణకు ఇలాంటివారిని తీసుకుంటాయి. ఎమ్మెస్సీ, బీఈడీ చేసినవారికి, ఇంగ్లిష్ లేదా తెలుగు ఎంఏ చేసి తేటగా రాయగలిగినవారికి ఇది సరిపడే దారి. కరోనా తర్వాత ఎడ్‌టెక్‌లో ఎన్ని ఉద్యోగాలు ఊడాయో పత్రికలు చదివేవారికి గుర్తుండే ఉంటుంది, కాబట్టి ఒక కంపెనీ పేరు చూసి కాకుండా నైపుణ్యం చూసి రావాలి.

ఈ కొలువుకు ధ్రువపత్రాల కన్నా నమూనా ముఖ్యం. ఏడో తరగతి సైన్స్‌లో ఒక చిన్న అంశం తీసుకోండి. అయిదు నిమిషాల పాఠం, మధ్యలో మూడు ప్రశ్నలు, తప్పు జవాబు నొక్కితే ఎందుకు తప్పో చెప్పే వివరణ. దీన్ని మూడుల్, హెచ్5పీ అనే ఉచిత సాఫ్ట్‌వేర్లతో చేయవచ్చు. ఆర్టిక్యులేట్ స్టోరీలైన్‌కు డబ్బు కట్టాలి, ట్రయల్ వెర్షన్‌తో చేయి తిరిగేలా చేసుకోవచ్చు. ఆ తప్పు జవాబుల వివరణలోనే మీ సత్తా బయటపడుతుంది. పిల్లవాడు ఎక్కడ పొరబడతాడో ఊహించలేనివారు ఈ పనికి పనికిరారు.

చివరగా, ఈ సెమిస్టర్‌లోనే మొదలుపెట్టాలనుకునేవారికి కొన్ని సంగతులు. ఎన్‌పీటెల్ కోర్సులు ఏటా జనవరిలో, జులైలో మొదలవుతాయి. కోర్సులో చేరడం వేరు, పరీక్షకు రిజిస్టర్ కావడం వేరు. రెండోదానికి గడువు విడిగా ఉంటుంది, ఏటా ఎందరో అక్కడే పొరబడుతున్నారు. యూజీసీ 2021 నిబంధనల ప్రకారం ఒక సెమిస్టర్‌లో 40 శాతం వరకు కోర్సులను స్వయం ద్వారా చేసి క్రెడిట్లు పొందే వీలుంది. అయితే ఏ కోర్సుకు ఎన్ని క్రెడిట్లు ఒప్పుకుంటారో తేల్చేది మీ యూనివర్సిటీయే. కోర్సు పూర్తయ్యాక సర్టిఫికెట్ పట్టుకుని తిరిగితే లాభం ఉండదు. డబ్బు కట్టక ముందే మీ కాలేజీ ఎన్‌పీటెల్ లోకల్ చాప్టర్ బాధ్యుడిని (స్పాక్), ఎగ్జామినేషన్ బ్రాంచిని కలవండి, ఒప్పుకున్నట్టు కాగితం మీద రాయించుకోండి. కోర్సు ఒక్కటే తీసుకోండి.