కాలిన రాళ్లు మరల నిలిచిన విధము

పాఠ్యభాగము: నెహెమ్యా 3:1-32, 4:1-6

యెరూషలేము ప్రాకారమును బాగుచేసినవారి పట్టిక నెహెమ్యా గ్రంథము 3వ అధ్యాయములో ఉన్నది. యాజకులు, కంసాలులు, వర్తకులు, షల్లూము కుమార్తెలు అందు కనబడుదురు. పలువురు తమ తమ యిండ్ల యెదుటి భాగమునే కట్టిరి. తెకోవీయుల ఘనులు మాత్రము పనికి మెడ యొగ్గలేదు. కాలిన రాళ్లకు మరల జీవము వచ్చునా అని సన్బల్లటు ఎగతాళి చేసెను.

అట్టి ప్రశ్నయే జర్మనీలోని డ్రెస్డెన్ నగరవాసులకును ఎదురాయెను. అచ్చటి ఫ్రౌయెన్‌కిర్షె అను లూథరన్ దేవాలయము 1726 మొదలు 1743 వరకు కట్టబడినది. 1945 ఫిబ్రవరి 13, 14 తేదీల బాంబుదాడులలో నగరము తగులబడి, సుమారు 25,000 మంది మరణించిరి. మంటల వేడికి స్తంభములు సత్తువ కోల్పోగా, 15వ తేదీ ఉదయమున దేవాలయపు రాతి గుమ్మటము కూలెను.

తరువాత శిథిలములను తొలగింపజూచినప్పుడు నగరవాసులు ఒప్పుకొనలేదు. నలువది యేండ్లకు పైగా ఆ రాళ్లకుప్ప నగరము నడుమ నిలిచియుండెను. 1982 ఫిబ్రవరి 13న యువజనులు కొవ్వొత్తులు చేతబట్టి అచ్చట చేరి శాంతిని కోరిరి. 1990లో కొందరు పౌరులు ఆలయమును తిరిగి కట్టుటకై లోకమునకు విజ్ఞాపన పంపిరి. అందరును సమ్మతింపలేదు. శిథిలము యుద్ధమునకు సాక్షిగా అట్లే యుండవలెనని కొందరు వాదించిరి. కట్టినచో గాయము మరుగుపడునని వారి భయము.

కట్టినవారు ఆ భయమును త్రోసిపుచ్చలేదు. రాళ్లను ఒక్కొక్కటిగా వెలికితీసి, కొలిచి, లెక్క వ్రాసి, పనికివచ్చినవానిని గోడలలో మరల నిలిపిరి. క్రొత్త లేతరంగు రాళ్ల నడుమ నల్లని పాతరాళ్లు నేటికిని స్పష్టముగా కనబడుచున్నవి. సుమారు 18 కోట్ల యూరోల వ్యయములో సగమునకు మించి విరాళములే. శిఖరముపైనున్న సిలువ బ్రిటనువారి కానుక. దానిని చేసిన లండను కంసాలి తండ్రి డ్రెస్డెను దాడిలో పాల్గొన్న విమాన చోదకుడు. 2005 అక్టోబరు 30న ఆలయము ప్రతిష్ఠింపబడెను.

పాత దేవాలయమును కాపాడుట గతమును అలంకరించుట కాదు. జరిగినదానిని దాచక, విరిగినదానిని నిలుపుటయే. అది దూరదేశపు దాతలతో మొదలుకాదు, చుట్టుప్రక్కల నివసించువారితో మొదలగును. గోడ పగులులో మొలచిన రావి మొక్కను లేతగానున్నప్పుడే పెరికివేయువాడు, వానకు ముందే కప్పుమీది తూమును శుభ్రపరచువాడు తన యింటి యెదుటి భాగమును కట్టినవాడే.

ఆలోచించుటకు:
1. తెకోవీయుల ఘనులు చేయనిదానిని షల్లూము కుమార్తెలు ఏల చేయగలిగిరి?
2. సంఘ చరిత్రలోని ఏ నల్లని రాళ్లను దాచక నిలుపవలసియున్నది?