తప్పులు దిద్దడమూ ఒక వృత్తే



డిగ్రీ పూర్తికాగానే అందరూ మనల్ని అడిగేది ఒక్కటే, "నౌకరీ ఎప్పుడు?" అని. నోటిఫికేషన్ కోసం ఎదురుచూసే రోజుల్లో చేతిఖర్చులకు ఇంట్లో అడగలేని పరిస్థితి మనలో చాలామందిది. తెలుగు మీద పట్టున్నవారికి అప్పుడు ఆసరా అయ్యే పని ఒకటుంది. అదే రాతప్రతులు, ప్రూఫులు దిద్దడం. ఏ సంస్థలోనూ ఉద్యోగిగా చేరకుండా, పనిని బట్టి డబ్బు తీసుకునేవారిని ఫ్రీలాన్స్ ఎడిటర్లు అంటారు.

ఈ పని కొత్తది కాదు. సి.పి.బ్రౌన్ వేమన పద్యాల తాళపత్ర ప్రతులు సేకరించి, పండితుల సాయంతో పోల్చి చూసి, 1829లో అచ్చువేయించాడు. పోల్చి చూడడమే ఇందులో మొదటి మెట్టు. మన సిరిసిల్ల దగ్గరి హనుమాజీపేటలో పుట్టిన సి.నారాయణరెడ్డి గారు ఉర్దూ మాధ్యమంలో చదువుకొని కూడా తెలుగు కవిగా 1988కి జ్ఞానపీఠం పొందారు. భాష సాధనతోనే వస్తుంది.

ఏమేమి నేర్చుకోవాలి?

1. అక్షరాలు: 'అర్థం' అంటే భావం, 'అర్ధం' అంటే సగం. భాధ, విధ్యార్థి, శాఖాహారం తప్పులు. బాధ, విద్యార్థి, శాకాహారం ఒప్పులు. అనుమానం వస్తే నిఘంటువు చూడాలి.

2. అంకెలు, పేర్లు: పెండ్లిపత్రికలో ఒత్తు పోతే నవ్వి ఊరుకుంటారు. ముహూర్తం మారితే ఊరుకోరు. సాఫ్టువేరు కొన్ని తప్పులు చూపిస్తుంది గాని, ముహూర్తం ఏడుకా ఎనిమిదికా అని అడిగి తెలుసుకోవలసింది మనమే.

3. ఫాంట్లు: అను ఫాంట్లలో కొట్టిన ప్రతిని యూనికోడ్‌లోకి మారిస్తే కొన్ని ఒత్తులు చెదరవచ్చు. మార్చిన తర్వాత మళ్లీ మొత్తం చదవాలి.

4. యాస: జగిత్యాలలో మేము మొదటిసారి చూసిన ప్రూఫు ఒక కథది. అందులో ముసలవ్వ "అచ్చిండు" అంటే, మేము "వచ్చాడు" అని దిద్దాము. "అవ్వ అట్ల మాట్లాడదు బిడ్డా" అన్నారు రచయిత. మా ఇంట్లో రోజూ వినే మాటనే చదువుకున్నామని తప్పుగా కొట్టేశామే అని సిగ్గుపడ్డాము. తప్పును దిద్దాలి, మనిషి గొంతును కాదు.

ఇక డబ్బు సంగతి. నోటిమాట మీద చేసిన ఒక పనికి మాకు చాయ్ తప్ప ఏమీ దక్కలేదు. అప్పటినుంచి పేజీకి ఎంత, ఎన్నిసార్లు చూడాలి, ఎప్పటికి ఇవ్వాలి అన్నవి ముందే కాగితం మీద రాసుకుంటున్నాము. కొంత అడ్వాన్సు తీసుకుంటున్నాము. ఒక్కరినే నమ్ముకుంటే బతుకు గడవదు. పెండ్లిళ్ల సీజన్ అయిపోగానే డీటీపీ సెంటర్లలో పని తగ్గుతుంది. అందుకే జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ప్రెస్సులతో పాటు రచయితలను, కాలేజీ సంచికలవారిని కూడా పరిచయం చేసుకోవాలి. చెప్పిన రోజుకు పని ఇస్తే వాళ్లే మరొకరిని పంపుతారు. పుస్తకం ప్రతి ఇప్పుడు ఫోనులోనే వస్తుంది కాబట్టి హైదరాబాదు పని కూడా ఇక్కడే కూర్చుని చేయవచ్చు.

సిరిసిల్లలో సాంచా మీద పోగు తెగితే అప్పుడే అతుకుతారు. బట్ట చుట్టేశాక ఏం చేయలేరు. అచ్చు కూడా అంతే.

సాధన ఈ సంచికతోనే మొదలుపెట్టండి. మా వ్యాసంలోనూ తప్పులు కనిపిస్తే పెన్సిలుతో గుర్తుపెట్టండి. వచ్చే వార్షికోత్సవ సంచిక ప్రూఫులు మీరే చూడాలని మా కోరిక.