చెవుల మీద లేదు కదా మేడం!

2025లో 16,347 పోస్టులకు మెగా డీఎస్సీ పడింది. ఆ దారిన కొత్తగా హైస్కూల్లో అడుగుపెట్టిన స్కూల్ అసిస్టెంట్లు నాతో చెప్పుకునే కష్టం ఒకటే. పాఠం చెప్పడం కాదు, తొమ్మిదో తరగతి పిల్లల వాదనకు జవాబు చెప్పడం. ఇరవై ఏళ్లకు పైగా లెక్కలు చెబుతున్నదాన్ని, ఆ వాదనలంటే నాకు మహా ఇష్టం. అందుకే ఈ నాలుగు మాటలు.

ఓ సోమవారం ప్రేయర్ అయ్యాక ఒక అబ్బాయితో, "రేపటికల్లా చెవుల మీద జుట్టు ఉండకూడదు" అన్నాను. మర్నాడు వచ్చాడు. చెవుల చుట్టూ నున్నగా గీయించుకున్నాడు. నడినెత్తిన మాత్రం పుంజు తురాయిలా క్రాపు నిక్కబొడుచుకుని ఉంది. "చెవుల మీద లేదు కదా మేడం" అన్నాడు. వెనక బెంచీలు గొల్లుమన్నాయి. వాడు అబద్ధమాడలేదు, ఎదురూ తిరగలేదు. నా మాటను అక్షరం పొల్లుపోకుండా పాటించాడు.

పియాజే చెప్పిన 'అమూర్త ప్రచాలక దశ'ను మీరంతా డీఎస్సీకి బిట్టుగా బట్టీపట్టే ఉంటారు. పదకొండు పన్నెండేళ్లు దాటాక పిల్లలకు 'ఇలాగైతే ఏమవుతుంది' అని ఊహించి తర్కించే శక్తి వస్తుందని దాని సారం. ఆ బిట్టు తరగతి గదిలో మనకెదురయ్యేది ఇలాగే. కొత్త సైకిలు దొరికిన పిల్లాడు ఊరంతా తిరిగినట్టు, కొత్తగా అబ్బిన తర్కాన్ని కనిపించిన ప్రతి రూలు మీదా నడిపి చూస్తారు. నీళ్లకు ఒక్కరే వెళ్లాలంటే, నలుగురూ పదేసి అడుగుల ఎడంలో ఒక్కొక్కరే వెళ్తారు. ఒక వాక్యం యాభైసార్లు రాయమంటే, 'నేను' అన్న మాట యాభై వరసల్లో దించేసి ఆ తర్వాత రెండో మాట అందుకుంటారు.

అందుకని ముందు ఆ తర్కాన్ని ఒప్పుకోండి. "నువ్వన్నది నిజమే, నేనే సరిగ్గా చెప్పలేదు" అంటే మన పరువేం పోదు. ఆ అబ్బాయితో అదే అన్నాను. ఇంటర్వెల్‌లో వరండాలోకి పిలిచి, "ఎలా చెప్పుంటే నీకు సందు దొరికేది కాదు?" అని అడిగాను. కాసేపు ఆలోచించి, "నూనె రాసి దువ్వితే అణిగిపోవాలి అనాల్సింది మేడం" అన్నాడు. ఆ ఏడాదంతా మా సెక్షన్‌కు అదే రూలు. దాన్ని అందరికంటే గట్టిగా అమలు చేసింది వాడే.

వరండాలోకి పిలవడాన్ని చిన్న సంగతి అనుకోవద్దు. అమెరికాలో గార్డనర్, స్టైన్‌బర్గ్ అనే ఇద్దరు పరిశోధకులు కంప్యూటర్‌లో కారు నడిపే ఆట ఆడించి, 2005లో ఆ ఫలితాలు ప్రచురించారు. ఒంటరిగా ఆడినప్పటికంటే తోటివాళ్లు చూస్తున్నప్పుడు 13 నుంచి 16 ఏళ్ల పిల్లలు చాలా ఎక్కువ తెగించారు. 24 దాటిన పెద్దవాళ్లలో అంత తేడా లేదు. మన క్లాసులో చూసేవాళ్లు నలభై మంది. అందరి ముందూ "ఏంట్రా అన్నావ్?" అని నిలదీస్తే, వెనక్కి తగ్గాలని ఉన్నా ఆ పిల్లాడు తగ్గలేడు.

"రెండు తగిలిస్తే వాడే దారికొస్తాడు" అని స్టాఫ్‌రూమ్‌లో సలహా వినిపిస్తుంది. వినకండి. విద్యాహక్కు చట్టం, 2009లోని 17వ సెక్షన్ కొట్టడాన్నే కాదు, మానసికంగా వేధించడాన్నీ నిషేధించింది. మీరితే సర్వీసు నిబంధనల కింద చర్య తీసుకోవచ్చు. చట్టం సంగతి అలా ఉంచినా, ప్రశ్నించినందుకు దెబ్బ తిన్న పిల్లవాడు లెక్కలో సందేహం వచ్చినప్పుడూ చెయ్యెత్తడు. నాకు అన్నిటికంటే బాధ అదే.

అయితే అల్లరి అంతా ఒకటి కాదు. బలహీనుడి సంచి రోజూ మాయమవుతున్నా, గోడ మీద ఆడపిల్ల పేరు కనిపించినా, వెక్కిరింతలో కులం పేరు దొర్లినా అది తర్కమూ కాదు, సరదా అంతకన్నా కాదు. వెంటనే హెడ్మాస్టర్‌కు చెప్పండి. గలగలా వాదించే పిల్ల వారం రోజులుగా నోరు మెదపకపోతే పక్కన కూర్చోబెట్టుకుని అడగండి. ఇంట్లోనో బయటో ఆపద ఉందనిపిస్తే 1098కి ఫోన్ చేయండి.

రేపు మీ క్లాసులో ఎవరైనా లేచి "మీరు అలా అనలేదు కదా మేడం" అంటే, చేతిలోని హాజరుపట్టీ పక్కన పెట్టి, వాళ్లు చెప్పేది ఆఖరి మాట దాకా వినండి.