వేరుశనగ వేర్ల బుడిపెల్లో ఏముంది?

ప్రశ్న: వేరుశనగ వేర్ల నిండా ఉండే బుడిపెలు తెగులా? వాటిలోని బాక్టీరియా జన్యువులను చదివితే ఏం తెలుస్తుంది?

జవాబు: వేరుశనగ వేర్లపై కనిపించే ఈ గుండ్రటి బుడిపెలు తెగులు కాదు, బ్రాడీరైజోబియం అనే నేల బాక్టీరియా కాపురం. నులిపురుగులు పడితే అసలు వేరు తానే ఉబ్బుతుంది. ఈ బుడిపె మాత్రం గోటితో గిల్లితే ఊడివస్తుంది. కోసినప్పుడు లోపల ఎర్రగా ఉంటే అది గాలిలోని నత్రజనిని పట్టే పనిలో ఉన్నట్టే. ఆ ఎరుపు లెగ్‌హీమోగ్లోబిన్‌ది. నత్రజనిని అమ్మోనియాగా మార్చే ఎంజైముకు ఆక్సిజన్ తగిలితే చేటు; బాక్టీరియాకేమో అదే ఊపిరి. ఈ ఎర్ర ప్రొటీన్ ఆక్సిజన్‌ను పట్టి ఉంచి, అవసరమైనంతే అందిస్తుంది.

ఇక జన్యువుల సంగతి. సోయాచిక్కుడుతో కాపురం చేసే బ్రాడీరైజోబియం రకం, యూఎస్‌డీఏ 110, జన్యుపటాన్ని 2002లో జపాన్ శాస్త్రవేత్తలు ప్రచురించారు. దాదాపు 91 లక్షల బేస్ జతలున్న ఒకే వలయాకార క్రోమోజోమ్ అది. బుడిపె కట్టించే నాడ్ జన్యువులు, నత్రజనిని పట్టే నిఫ్ జన్యువులు చాలావరకు అందులో ఒకేచోట గుంపుగా ఉన్నాయి. ఇలాంటి గుంపు ఒక బాక్టీరియా నుంచి మరోదానికి మొత్తంగా బదిలీ కాగలదని 1990లలో న్యూజిలాండ్ పొలాల్లోని మీసోరైజోబియం అనే మరో నేల బాక్టీరియాలో తేలింది. విత్తనానికి పట్టించిన రకం జన్యువులు కొన్నేళ్లకు స్థానిక బాక్టీరియాలో కనిపించాయి. అందుకే బుడిపెలో ఉన్నది రైజోబియం కల్చర్‌తో వేసిన రకమేనా అన్నది కంటితో తేలదు, జన్యుపరీక్ష కావాలి.